గది దొరకని ఊరు, పడవ కదలని రేవు

నేను చెప్పబోయే రెండు సినిమాల్లోనూ ఒక్కో ప్రణాళిక ఉంది. అక్కణ్ణించే మొదలుపెడతాను.

మొదటిది యుద్ధకాలపు వాషింగ్టన్‌లో, ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో కనిపిస్తుంది. కోనీ మిలిగన్ అనే ఉద్యోగిని తన ఇంట్లో సగం వాటాను ఒక పెద్దాయనకు అద్దెకిచ్చింది. స్నానాల గదిలోకి ఎవరు ఎప్పుడు వెళ్లాలి, కాఫీ ఎప్పుడు పెట్టాలి, బట్టలు ఎప్పుడు వేసుకోవాలి అన్నీ ఇంటి పటం చూపిస్తూ నిమిషాల లెక్కన అప్పజెబుతుంది. మర్నాడు పొద్దున్నే ఆ లెక్క తప్పకూడదని తంటాలు పడుతూ పెద్దాయన తన పాంటు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి ఇల్లంతా వెతుక్కుంటాడు.

రెండోది స్కాట్లండ్ పడమటి తీరాన కనిపిస్తుంది. జోన్ వెబ్‌స్టర్ అనే పాతికేళ్ల యువతి మాంచెస్టర్ నుంచి కిలోరన్ అనే దీవికి పెళ్లికూతురై బయలుదేరింది. ఏ రైలు ఎన్ని గంటలకు, ఏ పడవ ఎక్కడ ఎక్కాలి అన్న వివరాలన్నీ టైపు చేయించి, కాబోయే భర్త కంపెనీయే ఆమె చేతికి ఇచ్చింది. ఆఖరి పడవ కోసం మల్ దీవి రేవులో నిలబడి ఉండగా గాలి ఆ కాగితాన్ని ఊడలాక్కుని నీళ్లలో పడేస్తుంది.

మొదటి సినిమా జార్జ్ స్టీవెన్స్ దర్శకత్వంలో కొలంబియా సంస్థ 1943లో విడుదల చేసిన ‘ది మోర్ ది మెరియర్’. రెండోది మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ జంట 1945లో అందించిన ‘ఐ నో వేర్ ఐయామ్ గోయింగ్’. రెండూ యుద్ధకాలపు ప్రేమ హాస్యాలే. రెండింటిలోనూ యుద్ధరంగం కనిపించదు. ఇద్దరు నాయికలకూ పెళ్లి నిశ్చయమైపోయి ఉంటుంది, ఆ పెళ్లికొడుకులు ఇద్దరూ వాళ్లకు తగినవాళ్లు కారు. దారిలో ఎదురైనవాళ్లు ఇద్దరూ సైనికులే, తిరిగి యుద్ధానికి వెళ్లవలసినవాళ్లే. ఇన్ని పోలికలున్నా ఈ సినిమాలు వేస్తున్న ప్రశ్నలు వేరు. మనకు ఇంకా ఎంత కాలం మిగిలింది అన్నది 1943 నాటి ప్రశ్న. మిగిలిన కాలాన్ని దేనికోసం బతకాలి అన్నది 1945 నాటి ప్రశ్న. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఈ తేడా తెలుస్తుంది, ఒక్కొక్కదాని బలమూ అప్పుడే తేలుతుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మనవాళ్లు. ఈ రెండు సినిమాల్లోనూ పెళ్లి కథకు పునాది ఇల్లే, అదీ అద్దె ఇల్లే. యుద్ధం కోసం ప్రభుత్వ కార్యాలయాలు పెరిగిపోయి, ఉద్యోగులు రైళ్లలో వచ్చి దిగుతుంటే, వాషింగ్టన్‌లో తల దాచుకోవడానికి గది లేదు. గృహవసతి కొరత మీద సలహా ఇవ్వడానికి వచ్చిన బెంజమిన్ డింగిల్‌కే హోటల్లో గది దొరకదు. రెండు రోజులు ముందుగా వచ్చాడాయన. పత్రికలో ప్రకటన చూసి కోనీ ఇంటికి వెళితే గుమ్మం ముందు బారెడు వరస. ఇల్లు ఇచ్చేశామని తానే ఇంటివాడిలా ప్రకటించి అందరినీ పంపించేస్తాడు. ఆడమనిషికే ఇస్తానని కోనీ పట్టుబట్టినా వినకుండా సగం వాటాలో దిగుతాడు. ఆ సగంలో మళ్లీ సగం, ఆఫ్రికా వెళ్లే ముందు నగరంలో కొద్ది రోజులు గడపాల్సిన జో కార్టర్ అనే సార్జెంటుకు ఇచ్చేస్తాడు. మగవాళ్లంతా యుద్ధానికి పోగా ఒక మగవాడికి ఎనిమిదిమంది ఆడపిల్లలున్నారని ఆ సినిమాలో చెప్పుకునే ఊరది. గదులకు కరువు, మగవాళ్లకూ కరువు. ఈ రెండు కరువుల్నీ ఒకే ఇంట్లో పెట్టి స్టీవెన్స్ హాస్యం పుట్టించాడు.

మల్ దీవిలో దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ చోటుకు లోటు లేదు. కొండలు, సముద్రం, పొగమంచు, పాడుపడ్డ కోటలు ఎంత కావాలంటే అంత. కానీ చేరవలసిన చోటికి చేరలేరు. కళ్ల ముందు కిలోరన్ దీవి కనిపిస్తూనే ఉంటుంది, గాలివాన పడవను కదలనివ్వదు. ఆ దీవిని అద్దెకు తీసుకున్నవాడు సర్ రాబర్ట్ బెల్లింజర్, పెద్ద రసాయనాల కంపెనీ అధిపతి, జోన్‌కు కాబోయే భర్త. అద్దెకిచ్చినవాడు టార్క్విల్ మెక్‌నీల్, ఆ దీవికి వంశపారంపర్యపు యజమాని, ఇప్పుడు నౌకాదళం నుంచి సెలవు మీద వచ్చిన అధికారి. రేవులో జోన్ పక్కన నిలబడ్డవాడు అతనే. తాను ఇంటి యజమానురాలిని కాబోతున్నానని ఆమె నమ్ముతోంది, ఇంటి యజమాని పక్కనే ఉన్నాడని ఆమెకు తెలియదు. వాషింగ్టన్‌లో అద్దె మనుషుల్ని దగ్గరకు నెట్టింది. ఇక్కడ అద్దె ఎవరి సొత్తు ఏది అన్న ప్రశ్నను లేవదీసింది.

కోనీ, జోన్ ఇద్దరినీ డబ్బాశ ఉన్న ఆడపిల్లలని కొట్టిపారేయడం తేలిక. సినిమాలు మాత్రం ఆ పొరపాటు చేయవు. కోనీ ఉంగరం తొడిగించుకున్నది పెండర్‌గాస్ట్ అనే పెద్ద ఉద్యోగితో. సాలీనా ఎనిమిదివేల ఆరువందల డాలర్ల జీతగాడు. అతని గురించి ఆమె ప్రేమగా మాట్లాడదు, భద్రంగా మాట్లాడుతుంది. పొద్దుటి పూట నిమిషాలను కొలిచి పంచినట్టే బతుకునూ కొలిచి పెట్టుకుంది. ఊరంతా తలకిందులైనప్పుడు ఒంటరి ఆడపిల్ల చేతిలో ఉన్న రక్షణ ఆ కొలతే. జీన్ ఆర్థర్ ఈ పాత్రను ఒక వింత ఏడుపుతో పూర్తి చేసింది. అది వెక్కిళ్లు, మాటలు, కోపం కలగలిసిన ఏడుపు. నవ్వొస్తుంది, వెంటనే గుండె పిండినట్టవుతుంది. ఆమెకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది ఈ ఒక్క పాత్రకే.

జోన్ పాత్రలో ఆ భయం కన్నా పట్టుదల ఎక్కువ. అయిదేళ్ల వయసులోనే ఆమె క్రిస్మస్ తాతను పట్టు మేజోళ్లు, అదీ అసలైన పట్టు, అడిగిందని సినిమా మొదట్లోనే చెబుతారు. బ్యాంకు మేనేజరు కూతురు. తండ్రి ఈడువాణ్ణి పెళ్లాడబోతున్నానని తండ్రికే హోటల్లో కూర్చుని నిబ్బరంగా చెబుతుంది. రైల్లో ఆమెకు వచ్చే కలలో పెళ్లి ఒక మనిషితో కాదు, ఏకంగా రసాయనాల కంపెనీతోనే జరుగుతుంది. వెండీ హిల్లర్ ఈ మొండితనాన్ని ఎక్కడా ఎగతాళికి వదలలేదు. గాలి తగ్గాలని దూలాలు లెక్కపెడుతూ దేవుణ్ణి వేడుకున్న రాత్రి ఆమె ముఖం చూస్తే, ఆ మొండితనం కింద చిన్నపిల్ల ఇంకా మేలుకునే ఉందని తెలుస్తుంది. మర్నాడు గాలి తగ్గదు, తుఫానుగా మారుతుంది.

ధనవంతుడి పాత్రను మలచడంలో రెండు సినిమాలూ రెండు దారులు తొక్కాయి. డింగిల్ తనను తాను కోటీశ్వరుడిగానే పరిచయం చేసుకుంటాడు. ఆయన మన ఊళ్లలోని పెళ్లిళ్ల పేరయ్య లాంటివాడు. కోనీకి తగిన కుర్రవాడు కావాలని ముందే తీర్మానించుకుని, ఎదురుపడ్డ కార్టర్‌ను ఇంట్లోకి దించుతాడు. టార్పెడోలను లెక్కచేయకుండా ఓడల్ని ముందుకు నడిపించాడని పేరున్న నౌకాధిపతి ఫారగట్ మాటే ఆయనకు తారకమంత్రం. చార్లెస్ కోబర్న్ ఈ పాత్రకు సహాయ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడు, అది న్యాయమే. మేడ మీద ఎండలో పడుకుని కార్టర్‌తో కలిసి పత్రికలోని బొమ్మల కథను పైకి చదివే ఆ పెద్దాయనలో డబ్బు మనుషుల్ని కలపడానికి పనికొస్తుంది. బెల్లింజర్ మాత్రం మనకు కనిపించడు. వైర్‌లెస్‌లో ఒక గొంతు, అంతే. సముద్రం చుట్టూ ఉన్న దీవిలో ఈతకొలను కట్టించుకుంటున్నాడని తెలుస్తుంది. ఆ ఒక్క వివరం చాలు. మనిషిని తెర మీదికి తేకుండానే అతని బతుకు ఎంత బోలో చెప్పేశారు. కళగా చూస్తే రెండోదే గట్టి పద్ధతి. కానీ డింగిల్ లేకపోతే మొదటి సినిమాలో సగం వెచ్చదనం పోతుంది.

ప్రేమ పుట్టే ఘట్టాలను పోల్చినప్పుడు ఈ దర్శకుల గుణం మరింత స్పష్టంగా తెలుస్తుంది. రాత్రి కోనీ, కార్టర్ ఇంటికి నడిచి వస్తుంటారు. కోనీ మాట్లాడుతూ ఉంటుంది. పెండర్‌గాస్ట్ ఎంత పెద్దమనిషో, ఆ సంబంధం ఎంత మంచిదో చెబుతూ ఉంటుంది. కార్టర్ చేతులు ఆమె భుజం మీదికి, మెడ మీదికి వస్తుంటాయి. ఆమె ఒక్కొక్కసారే వాటిని తప్పిస్తూ చెప్పేది మాత్రం ఆపదు. ఇంటి ముందు మెట్ల మీద కూర్చున్నాక మాటలు తడబడతాయి, వాక్యాలు సగంలో తెగిపోతాయి, చివరకు ముద్దుతో ఆగిపోతాయి. నోరు అబద్ధం చెబుతుంటే ఒళ్లు నిజం చెబుతుంది. స్టీవెన్స్ కెమెరాను తొందరపెట్టలేదు, ఆ తడబాటు పండేవరకూ ఓపిగ్గా చూశాడు. కార్టర్‌గా జోయెల్ మెక్‌క్రీ లాంటి నెమ్మదైన నటుడు పక్కన ఉండబట్టే ఆ ఘట్టం వెకిలిగా మారలేదు.

స్కాట్లండ్‌లో దీనికి దీటుగా నిలిచేది కేలీ రాత్రి. ఒక వృద్ధ దంపతుల అరవయ్యేళ్ల పెళ్లిరోజుకు ఊరంతా చేరి పాడుకుంటూ, నాట్యం చేస్తున్నారు. బెల్లింజర్ పెళ్లికోసం వచ్చిన ముగ్గురు బ్యాగ్‌పైపు వాద్యగాళ్లు, తుఫాను వల్ల దీవికి వెళ్లలేక అక్కడ వాయిస్తున్నారు. డబ్బు పిలిపించిన సంగీతం ఊరి వేడుకకు దక్కింది. గేలిక్ పాట ఒకటి సాగుతుంటే టార్క్విల్ జోన్‌కు దాని అర్థం చెబుతాడు. ఆఖరి మాట అనువదించేటప్పుడు అతని చూపు పాట మీద లేదు, ఆమె మీదే ఉంది. ఇక్కడ చేయి కదలలేదు. నిజం చెప్పింది మాట, అదీ వేరెవరిదో పాతకాలపు మాట. టోబర్మరీ హోటల్లో భోజనానికి వేరు వేరు బల్లల దగ్గర కూర్చుందామని జోన్ అడుగుతుంది. వాషింగ్టన్‌లో ఇద్దరి మధ్య గోడ ఎంత పలచనో, ఇక్కడ ఆ రెండు బల్లల మధ్య దూరమూ అంతే పలచన.

ఆ గోడను స్టీవెన్స్ వాడుకున్న తీరు చూడండి. ఇద్దరి పడక గదులకూ మధ్య ఒకే గోడ, దానికి చెరోవైపు ఆనించి మంచాలు. బయటి కిటికీల నుంచి చూస్తే ఇద్దరూ ఒకే పక్క మీద ఉన్నట్టే కనిపిస్తారు. చీకట్లో, ఆ గోడకు చెరోవైపు పడుకునే ప్రేమ సంగతి ఒప్పుకుంటారు. పెళ్లికాని జంటను ఒకే మంచం మీద చూపించనివ్వని ఆనాటి హాలీవుడ్ నియమావళి ఈ గోడ దగ్గర నిస్సహాయంగా నిలబడిపోయింది. పావెల్, ప్రెస్‌బర్గర్‌ల సినిమాలో గోడకు సాటి వచ్చేది కొరివ్రెకన్ సుడిగుండం. జురా, స్కార్బా దీవుల మధ్య నిజంగానే ఉన్న సుడిగుండమది. టార్క్విల్‌కు దూరంగా పారిపోవాలన్న ఆత్రంలో, కెన్నీ అనే కుర్రవాడికి ఇరవై పౌండ్లు చూపి జోన్ తుఫానులో పడవ తీయిస్తుంది. ఆ కుర్రవాడి పెళ్లి ఆశ ఆ ఇరవై పౌండ్లలోనే ఉంది. ఆపలేక టార్క్విల్ కూడా పడవ ఎక్కుతాడు. ఇంజను ఆగిపోతుంది, ఆమె పెళ్లి దుస్తులు సముద్రంలో కలిసిపోతాయి. ప్రేమ అంటే ఎంత భయపడిందంటే, దాన్ని తప్పించుకోవడానికి చావుకైనా సిద్ధపడింది. హాస్య చిత్రంలో ఇంత తీవ్రమైన మాట చెప్పడానికి ధైర్యం కావాలి. తీరంలో పట్టిన దృశ్యాలనూ స్టూడియో నీటి తొట్టిలో తీసిన దృశ్యాలనూ కలిపి అల్లిన ఆ ఘట్టం ఈనాటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది.

ఈ సినిమా పుట్టుకలోనే ఒక ఎదురుచూపు ఉంది. పావెల్, ప్రెస్‌బర్గర్ జంట నిజానికి తీయాలనుకున్నది ‘ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్’. దానికి టెక్నికలర్ కెమెరాలు దొరక్క ఆగవలసి వచ్చి, ఆ ఖాళీలో దీన్ని తీశారు. పడవ కోసం ఎదురుచూసే కథ, కెమెరా కోసం ఎదురుచూస్తూ తయారైంది. టార్క్విల్‌గా నటించిన రోజర్ లివ్సే అప్పుడు లండన్‌లో ఒక నాటకంలో వేషం వేస్తున్నాడు. స్కాట్లండ్‌కు అతను వెళ్లనే లేదు. దీవుల్లో దూరం నుంచి కనిపించేది అతని బదులు మనిషి, దగ్గరగా కనిపించేది డెన్హామ్ స్టూడియోలోని లివ్సే. ఆ నేలకు పుట్టినవాడిలా మనల్ని నమ్మించిన నటుడు ఆ నేల మీద కాలు పెట్టలేదు. దర్శకుల నేర్పుకు ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

రెండింటిలోనూ లోపాలున్నాయి, దాచనక్కర్లేదు. వాషింగ్టన్ కథలో కార్టర్‌ను జపాన్ గూఢచారి అనుకుని పక్కింటి కుర్రాడు ఎఫ్‌బీఐకి చెప్పడం, విచారణ, పరువు పోతుందని హడావిడిగా పెళ్లి, దాన్ని తర్వాత రద్దు చేసుకుందామన్న ఒప్పందం ఇవన్నీ చివరి భాగాన్ని సాగదీశాయి. మొదటి గంటలో ఉన్న సహజత్వం అక్కడ పలచబడింది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. 1942 నుంచే జపాన్ సంతతి అమెరికన్లను లక్ష మందికి పైగా ఇళ్లనుంచి ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. ఇంటి కొరత గురించి ఇంత బాగా నవ్వించిన సినిమా, ఇళ్లు పోగొట్టుకున్న ఆ మనుషుల మీద పడిన అనుమానాన్నే నవ్వుకు వాడుకుంది. ఈనాడు ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది.

స్కాట్లండ్ కథలో చిక్కు వేరు. ఇక్కడివాళ్లు పేదలు కారు, వాళ్ల దగ్గర డబ్బు లేదంతే అన్న భావాన్ని ఆ సినిమా టార్క్విల్ నోట చెప్పిస్తుంది. మంచి మాటే. కానీ ఆ మాట చెప్పేవాడికి సొంతంగా ఒక దీవి ఉంది. ఇరవై పౌండ్ల కోసం ప్రాణానికి తెగించిన కెన్నీ అదే మాట అంటాడా? డబ్బుకు అతీతమైన విలువల గురించి మాట్లాడేటప్పుడు భూస్వామి గొంతు, కూలివాడి గొంతు ఒకటి కావు. ఈ విషయంలో నెల జీతం లెక్కవేసుకునే కోనీ భయమే నాకు ఎక్కువ నిజాయితీగా అనిపిస్తుంది.

యుద్ధాన్ని తీసేస్తే ఏం మిగులుతుందో చూడ్డానికి మనకు ఒక ఉదాహరణ ఉంది. స్టీవెన్స్ కథనే 1966లో ‘వాక్, డోంట్ రన్’ పేరుతో మళ్లీ తీశారు. క్యారీ గ్రాంట్ చివరి సినిమా అది. ఈసారి ఊరు టోక్యో, గదుల కరువుకు కారణం 1964 ఒలింపిక్స్. సగం వాటా ఉంది, టైమ్ టేబుల్ ఉంది, పెళ్లిళ్ల పేరయ్య ఉన్నాడు, గ్రాంట్ ఠీవి కూడా ఉంది. కానీ కుర్రవాడు వెళ్లవలసింది నడక పందేనికి. వెళ్లినవాడు తిరిగొస్తాడో రాడో అన్న భయం లేనప్పుడు ఆ గోడ ఒట్టి గోడే. యుద్ధం ఆ మొదటి కథకు నేపథ్యం మాత్రమే కాదు, దాని గుండె చప్పుడు కూడా అదేనని ఆ సినిమా చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది.

ముగింపులను పోల్చి చూద్దాం. పెళ్లి చేసుకుని ఇంటికొచ్చిన కోనీ, కార్టర్ వేరు వేరు గదుల్లోకి వెళతారు. తెల్లవారితే అతను ఆఫ్రికా ప్రయాణం. ఏడుస్తూ, మాట్లాడుకుంటూ ఉండగా తెలుస్తుంది, మధ్యలో గోడ లేదని. డింగిల్ తీయించేశాడు. వాళ్లకు మిగిలింది ఒక్క రాత్రి. మల్ దీవిలో టార్క్విల్, తన వంశం వాళ్లు అడుగుపెడితే శాపం తగులుతుందని చెప్పే మోయ్ కోటలోకి నడుస్తాడు. ఆ శాపం చదివితే, ఒక స్త్రీకి జీవితాంతం బందీ అయిపోతావన్నదే దాని సారం. అప్పుడే బయట బ్యాగ్‌పైపులు వినిపిస్తాయి. ఆ ముగ్గురు వాద్యగాళ్లను ముందు నడిపించుకుంటూ జోన్ వస్తోంది. వాళ్లకు మిగిలింది జీవితకాలం. 1943లో ఒక రాత్రిని మించి మాట ఇవ్వడానికి స్టీవెన్స్‌కు మనసొప్పలేదు. 1945 నాటికి జీవితకాలం అన్న మాట మళ్లీ పలకడం ప్రెస్‌బర్గర్‌కు సాధ్యమైంది.

ఆ తర్వాతి సంగతి తెలిస్తే ఈ రెండు నవ్వుల విలువా మారిపోతుంది. తన సినిమా పూర్తిచేసిన స్టీవెన్స్, కార్టర్ లాగే సైన్యంలోకి వెళ్లాడు. నార్మండీ తీరాన్ని, పారిస్ విముక్తిని, చివరకు డాఖవ్ శిబిరాన్ని కెమెరాలో బంధించిన బృందానికి నాయకత్వం వహించాడు. తిరిగొచ్చాక ‘ఎ ప్లేస్ ఇన్ ది సన్’, ‘షేన్’, ‘ది డైరీ ఆఫ్ ఆన్ ఫ్రాంక్’ తీశాడు కానీ, ‘ది మోర్ ది మెరియర్’ లాంటి ఆకతాయి హాస్యం మళ్లీ తీయలేదు. ప్రెస్‌బర్గర్ హంగరీలో పుట్టిన యూదుడు, హిట్లర్ రాగానే బెర్లిన్ వదిలి పారిస్ మీదుగా లండన్ చేరినవాడు. ఆయన తల్లి ఆష్విట్జ్‌లో చనిపోయింది. 1945 నవంబరులో బ్రిటన్ ప్రేక్షకులు జోన్ సుడిగుండం దాటడం చూశారు. అదే నెలలో, న్యూరెంబర్గ్ న్యాయస్థానంలో, స్టీవెన్స్ ఆధ్వర్యంలో కూర్చిన నిర్బంధ శిబిరాల చిత్రాన్ని నాజీ నేతల ముందు ప్రదర్శించారు.

నిర్మాణంలో, దృశ్యకల్పనలో, కథ ఎక్కడా జారిపోకుండా పట్టి నిలపడంలో ‘ఐ నో వేర్ ఐయామ్ గోయింగ్’ మిన్న. ఇందులో నాకు సందేహం లేదు. అయినా ఒకదాన్నే ఎంచుకోమంటే నా చేయి ‘ది మోర్ ది మెరియర్’ వైపే వెళుతుంది. యుద్ధం ఎలా ముగుస్తుందో దాన్ని తీసినవాళ్లకు తెలియదు, చూసినవాళ్లకూ తెలియదు. ఆ హాల్లో నవ్విన కోనీల్లో ఎందరి కార్టర్లు తిరిగొచ్చారో ఎవరు చెప్పగలరు? రేపటికి పూచీ లేనప్పుడు మనిషి ఇంకో మనిషికి చేయగల మేలు, మధ్యలో ఉన్న గోడను ఈ రాత్రికే తీసేయడం. డింగిల్ చేసింది అదే.